నలభై ఒకటో ఫ్లాష్

పొద్దున్నే డాబా మీద ఒక్క ఫొటో తీసి, పదకొండింటికల్లా అత్తగారి చేత శభాష్ అనిపించుకోవాలని ఫొటోగ్రాఫర్ అల్లుడి పథకం. పెళ్ళినాటి నుంచి ఏ ఫొటోలోనూ ఆవిడ కళ్ళు తెరిచి లేవు. ఫ్లాష్ వెలిగిందంటే రెప్పలు టపీమని పడిపోతాయి. నలభై ఏళ్ళుగా మామగారికి అదే వేళాకోళం.

"ఇదే ఆఖరు, బాబూ. ఇందులోనూ కళ్ళు మూశానంటే ఇక కెమెరా ముందుకి రాను," అన్నారు అత్తగారు, మామగారి పక్క కుర్చీలో సర్దుకుంటూ. ఆవిడ నవ్వుతూనే అన్నా అల్లుడికి మనసు చివుక్కుమంది.

ఎండ అప్పటికే మండిపోతోంది. లెన్సు బాగా తెరిస్తే వెనకున్న నీళ్ళ ట్యాంకు మసకబారుతుంది గానీ, ఆ ఎండకు ఫొటో తెల్లగా పాలిపోతుంది. అందుకని లెన్సుకో నల్లద్దం తొడగాలి, మొహాలకు ఫ్లాష్ వెయ్యాలి. అల్లుడు సంచీలోంచి నల్లద్దం తీసి బిగించాడు. భార్య ఫ్లాష్ పట్టుకుని నిలబడింది.

క్లిక్. తెర మీద కటిక చీకటి.

"వెలుగు చాల్లేదు. ఇంకాస్త పెంచు."

పెంచింది. అయినా చీకటే.

"నువ్వు కళ్ళు మూస్తే కెమెరాకి కూడా చీకటే కనిపిస్తోందే!" అన్నారు మామగారు. అత్తగారి మొహం చిన్నబోయింది.

అల్లుడికి ముచ్చెమటలు పోశాయి. ఫ్లాష్‌ను దగ్గరికి జరిపించాడు. బ్యాటరీలు మార్చాడు, కార్డు మార్చాడు, కుర్చీలు మార్చాడు. ఇక మార్చడానికి మామగారు తప్ప ఏమీ మిగల్లేదు. అలా నలభై ఫ్లాష్‌లు పడ్డాయి.

చివరికి లెన్సు తుడుద్దామని వచ్చిన భార్య ఆగిపోయింది.

"ఏమండీ, ఇక్కడ రెండు నల్లద్దాలున్నాయేంటి?"

"రెండా? నేను పెట్టింది ఒకటేగా!"

"పొద్దున్న నేనొకటి బిగించాను కదా! మీరెలాగూ మర్చిపోతారని."

జన్మలో మొదటిసారి మర్చిపోకుండా చేసిన పని ఇలా తగలడిందని అల్లుడు తల పట్టుకున్నాడు. ఒక అద్దం తీసేసి, ఫ్లాష్ తగ్గించి, దేవుడా అనుకుంటూ నొక్కాడు.

క్లిక్. తెర మీద అత్తగారు కళ్ళు విప్పార్చి హాయిగా నవ్వుతున్నారు. నలభై ఫ్లాష్‌లు తిన్న రెప్పలకు నలభై ఒకటోదంటే లెక్కే లేకపోయింది.

"తెరిచే ఉన్నాయా? ఒట్టు?" అంటూ ఆవిడ కెమెరా లాక్కుని చూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లుడు హమ్మయ్య అని డాబా మీదే చతికిలబడ్డాడు.

సాయంత్రానికల్లా ఫొటో హాల్లో గోడకెక్కింది. అందులో కళ్ళు మూసుకున్నది మామగారొక్కరే.