చీలమండ దాకా సముద్రం

మనిషి నాగరికుడయ్యాడనడానికి తిరుగులేని రుజువు ఒక్కటే ఉంది. అతడు సముద్రం దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళడం మానేశాడు. పూర్వం జనం కాళ్ళున్నాయి కదా అని నడిచి వెళ్ళి, కళ్ళున్నాయి కదా అని చూసి, ఆకలేస్తే ఇంటికి తిరిగి వచ్చేవారు. ఇది ఎంత ప్రమాదకరమో ప్రభుత్వానికి చాలాకాలం తెలియలేదు. ఒకానొక పెద్దమనిషి టోపీ మరిచిపోయి సముద్రానికి వెళ్ళి, ముక్కు మీద తోలు ఊడిందని పై అధికారులకు ఉత్తరం రాశాక తెలిసింది. ఆయనకు ఒక టోపీ కొనిపెడితే సరిపోయేది. కానీ టోపీ కొనడానికి నిబంధన లేదు, విభాగం తెరవడానికి ఉంది. అలా పుట్టింది ఉష్ణతీర విహార సామగ్రి ముందస్తు పరిశీలనా విభాగం. (జనం నోరు తిరగక సంచుల ఆఫీసు అంటారు. అలా అనకూడదని లోపల గోడ మీద బోర్డు ఉంది. బయట గేటు మీద మాత్రం 'సంచుల ఆఫీసుకు దారి' అని ఉంది.)

సముద్రతీరానికి విహారం వెళ్ళదలచినవారు తమ సంచిని తెచ్చి, ఇక్కడ విప్పి చూపించి, దాని మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని సంచిని బస్సు ఎక్కనివ్వరు. సంచే లేని మనిషిని అసలే ఎక్కనివ్వరు, అతడు ఏదో దాస్తున్నాడని అర్థం కనుక.

పద్ధతి బాబాయికి ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. ఆయన బస్సు డిపోలో ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదికి గుమాస్తా. గొడుగు పోయిందని ఎవరైనా వస్తే, దాని పిడి ఎటు వంగి ఉండేదో, విప్పినప్పుడు ఎలా చప్పుడు చేసేదో చెప్పనిదే ఇచ్చేవాడు కాదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని ఆ పేరుతో పిలిచేది. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెబితే ఏ ఆఫీసూ మనిషిని కాదనదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే జుట్టు నెరిసింది.

ఆయన భార్యను వీధిలో అందరూ పిన్ని అంటారు. కాపురానికి వచ్చిన దగ్గర నుంచి ఆవిడ నోరు తెరిచి అడిగినది ఒక్కటే. సముద్రంలో చీలమండ దాకా దిగి నిలబడాలి. ఈతలూ పడవలూ వద్దు. అల వెనక్కి వెళ్ళేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుందట, ఎవరో నెమ్మదిగా చాప లాగేస్తున్నట్టు ఉంటుందట. తోటికోడలు చెప్పింది. అదొక్కటి చూడాలి. డిపోలో ఏటా సెలవు అడగడం, ఏటా వచ్చే ఏడాది చూద్దామనడం జరుగుతూ వచ్చింది. ఈ ఏడు మోకాళ్ళ డాక్టరు పిన్నికి మెట్లు దిగడం కూడా తగ్గించమన్నాడు. ఆ సంగతి చెప్పుకుని బతిమాలితే, సర్వీసు మొత్తానికి ఒక్కసారే ఇచ్చే విహార సెలవు ఒక వారం దొరికింది.

"మోకాళ్ళు ఇంకా మాట వింటున్నప్పుడే ఒక్కసారి నిలబడి వచ్చేద్దామండీ," అంది పిన్ని.

బాబాయి సంచి సర్దాడు. నూలు బట్టలు, అంచు వెడల్పు టోపీలు రెండు, గొడుగు, ఎండకు రాసుకునే క్రీము, రబ్బరు చెప్పులు, తువ్వాళ్ళు, తడిబట్టలకు విడిగా ఒక ప్లాస్టిక్ కవరు, నీళ్ళ సీసా, మోకాళ్ళకు నొప్పి మందు. ఏది ఎక్కడుందో సంచి మీద బొమ్మ కూడా గీశాడు. మనం సముద్రానికి వెళ్తున్నామా, సముద్రాన్ని కాపురానికి తెచ్చుకుంటున్నామా అని పిన్ని నవ్వింది. ఆయన నవ్వలేదు. ముద్ర పడ్డాక నవ్వవచ్చని ఊరుకున్నాడు.

సంచుల ఆఫీసు హాలు పెద్దది. దాని నిండా విప్పిన సంచులు, వాటి ముందు తల వంచుకున్న మనుషులు. పరిశీలకుడు బాబాయి సంచిలోంచి ముందుగా గొడుగు తీసి, ఇది ఎండ గొడుగా వాన గొడుగా అని అడిగాడు. ఎండకేనని బాబాయి చెప్పాడు. పరిశీలకుడు ఎండ గొడుగని రాసుకున్నాడు. మరి వాన పడితే అని బాబాయి అడిగాడు. తడవాలన్నాడు పరిశీలకుడు. పోనీలే, తువ్వాళ్ళున్నాయి కదా అంది పిన్ని. తువ్వాళ్ళను సముద్రపు నీటి కింద రాసేశామనీ, వాటితో వాన నీళ్ళు తుడుచుకుంటే దుర్వినియోగం కిందికి వస్తుందనీ ఆయన మర్యాదగానే చెప్పాడు.

క్రీము సంగతి తొందరగానే తేలింది. ముఖానికి ఇంత, మెడకు ఇంత, చేతులకు ఇంత అని రాసుకున్నారు. (ముక్కును ముఖంలో కలపరు. పెద్దమనిషి ఉత్తరం తర్వాత ముక్కు స్వతంత్ర విభాగమైంది.) టోపీలు ఆమోదం పొందాయి. ఆమోదం పొందిన టోపీని ముద్ర పడేదాకా తల మీంచి తీయకూడదు కనుక, ఇద్దరూ ఫ్యాను కింద టోపీలు పెట్టుకుని నిలబడ్డారు.

చివరగా పరిశీలకుడు తరగతి అడిగాడు. తరగతులు మూడు. నీటిలో దిగువారు, ఇసుక మీద ఉండువారు, దూరం నుండి చూచువారు. తరగతిని బట్టి సంచి మారుతుంది. నీటిలో దిగేవారికి ఈత దుస్తులు, గాలి ట్యూబు, మునిగితే ఊదడానికి ఈల ఉండాలి. ఇసుక మీద ఉండేవారికి చాప, గొడుగు చాలు. దూరం నుంచి చూసేవారికి మడత కుర్చీ, ఓపిక.

వెనక నిలబడ్డ మనిషి బాబాయి చెవిలో, ఇసుక అనేయండి, ముద్ర పడిపోతుంది అని గొణిగాడు. ఆ మాట వినుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేదేమో. ఆ సాయంత్రం బస్సులో పిన్ని కిటికీ పక్కన కూర్చుని ఉండేదేమో. కానీ ఆయన పద్ధతి బాబాయి. అబద్ధపు గొడుగు ఎవరికీ ఇవ్వనివాడు, అబద్ధపు ముద్ర తాను ఎలా తీసుకుంటాడు?

"నీటిలో దిగడం కాదండీ. ఇసుక మీద ఉండటమూ కాదు. చీలమండ దాకా," అన్నాడు.

పరిశీలకుడి కలం ఆగింది. ఆయన లేచి సూపరింటెండెంటు గారిని పిలుచుకొచ్చాడు. సూపరింటెండెంటు గారు పిన్ని పాదాల వైపు చాలాసేపు చూశారు. అల వచ్చినప్పుడు ఈవిడ నీటిలో దిగినట్టు, అల వెళ్ళిపోయాక ఇసుక మీద ఉన్నట్టు అన్నారు. కాబట్టి రెండు సంచులుండాలి. అల వచ్చేటప్పటికి ఈత సంచి, పోయేటప్పటికి ఇసుక సంచి ఆవిడ చేతిలో ఉండాలి. మార్చి అందించడానికి పక్కన బాధ్యత గల మనిషి ఉండాలి.

నేనున్నానండీ, అందిస్తాను అన్నాడు బాబాయి. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"మరి అల సగం వచ్చి ఉన్నప్పుడు ఏ సంచి ఇమ్మంటారు?"

సూపరింటెండెంటు గారు ఆయన వైపు గౌరవంగా చూశారు. ఇంతకాలానికి విషయం అర్థమైన పౌరుడు ఒకడు దొరికాడు. అందుకే, దీనికి కమిటీ వేయాలి అన్నారు.

కమిటీ వేశారు. సగం అలను నిర్ణయించాలంటే, అసలు అల ఎంతసేపటికి ఒకసారి వస్తుందో తెలియాలి. ఆ ఆఫీసులో అల ఎరిగినవారు లేరు. (ఉద్యోగులు సముద్రానికి వెళ్ళాలన్నా ముద్ర కావాలి. తన సంచి మీద తానే ముద్ర వేసుకుంటే అవినీతి అవుతుంది, పక్కవాడి చేత వేయించుకుంటే పక్షపాతం అవుతుంది.) అందుకని గోడ మీద క్యాలెండరు బొమ్మలో ఉన్న అలను కమిటీ ఒక పూటంతా గమనించింది. అది కదలలేదు. దానిని మినహాయింపుగా నమోదు చేసి కమిటీ టీకి లేచింది.

వారం అలా కరుగుతూ పోయింది. బాబాయి ఈత సంచి కూడా విడిగా సర్దాడు, రోజూ పొద్దున్నే ఇద్దరూ రెండు సంచులూ మోసుకుని, టోపీలు పెట్టుకుని వచ్చేవారు. బాబాయి అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. పిన్ని పాదం కొలత ఇచ్చాడు, చీలమండ ఎక్కడ మొదలవుతుందో సుద్దతో గీత గీసి చూపించాడు. పిన్ని బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ, వచ్చేపోయేవాళ్ళ సంచులు మడత పెట్టి ఇచ్చేది. ఎవరి సంచి మీదా ముద్ర పడటం ఆవిడ చూడలేదు. ఆ మాట మొగుడితో అందామనుకుని, ఆయన ముఖం చూసి ఊరుకుంది.

సెలవు చివరి రోజున ప్రయోగాత్మక పరిశీలనకు ఉత్తర్వు వచ్చింది. హాలు మధ్యలో, నేల తుడిచే నీళ్ళ టబ్బును కడిగి తెచ్చి పెట్టారు. అల వేసే బాధ్యత అటెండరుకు అప్పగించారు. ఆయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. పిన్ని కోరిక ఏమిటో వారమంతా విని ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే మూలనున్న ఎర్ర బకెట్లోంచి, నిప్పంటుకుంటే చల్లడానికి ఉంచిన ఇసుక దోసిళ్ళతో తెచ్చి టబ్బులో పోశాడు. తన క్యారేజీలో ఉప్పు పొట్లం ఉంటే విప్పి నీళ్ళలో కలిపాడు.

పిన్ని చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, బాబాయి భుజం ఆసరాగా టబ్బులోకి దిగింది. సూపరింటెండెంటు గారు గడియారం చూసి చెయ్యి ఊపారు. అటెండరు చెంబుతో నీళ్ళు పోశాడు, బాబాయి ఈత సంచి అందించాడు. అటెండరు టబ్బును కొంచెం వంచాడు, నీళ్ళు వెనక్కి పోయాయి, బాబాయి ఇసుక సంచి అందించాడు. మళ్ళీ అల, మళ్ళీ సంచి. కాసేపటికి పిన్ని కళ్ళు మూసుకుంది. వరసలో ఉన్నవాళ్ళు తమ సంచులు వదిలేసి మునివేళ్ళ మీద లేచి చూస్తున్నారు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు అటెండరు, చెంబు పట్టుకుని వగరుస్తూ.

"బాగుందన్నయ్యా. కింద జారుతోంది కూడా."

ఆ మాటను పరిశీలకుడు రాసుకున్నాడు. సూపరింటెండెంటు గారు కింద సంతకం చేసి, అక్కడికక్కడే ఉత్తర్వు చదివారు. సదరు మహిళ ఉప్పు నీటిలో, ఇసుక మీద, చీలమండ దాకా నిలబడి తృప్తి వ్యక్తం చేసినందున, ప్రయాణ ఉద్దేశం నెరవేరినది. నెరవేరిన ఉద్దేశానికి సంచి అవసరం లేదు. సంచి అవసరం లేనందున ముద్ర అవసరం లేదు. విహార సెలవు పూర్తిగా వినియోగమైనట్టు డిపోకు తెలియజేయడమైనది.

బాబాయి టబ్బు వైపు చూశాడు. ఇది టబ్బు కదండీ అన్నాడు.

సూపరింటెండెంటు గారు కోప్పడలేదు. కాగితం తిప్పి చూపించారు. ఉప్పు నీరు, ఇసుక, చీలమండ అన్నవి మీరు చెప్పినవే. అది ఎంత పెద్దదిగా ఉండాలో మీరు చెప్పలేదు, మేము అడగలేదు అన్నారు. బాబాయి కాగితం రెండుసార్లు చదివాడు. అందులో తప్పు లేదు. తన గదిలో తాను రాసే కాగితాల్లోనూ ఎప్పుడూ తప్పుండేది కాదు. గొడుగు తీసుకోకుండా వానలోకి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరెవరో గుర్తు తెచ్చుకుందామంటే, ముఖాలు గుర్తు రాలేదు.

పిన్ని తువ్వాలు తీసుకోబోయి, అది సముద్రపు నీటికి రాసినదని గుర్తొచ్చి, తడి పాదాలతోనే మెట్లు దిగింది. దిగడానికి చాలాసేపు పట్టింది. బాబాయి రెండు సంచులూ ఒక భుజానికి తగిలించుకుని, రెండో చెయ్యి ఆవిడకు ఇచ్చాడు.

తప్పు తనదేనంది పిన్ని. బాగుందని అనకుండా ఉండాల్సింది. పాపం ఆ అన్నయ్య అంత ఆయాసపడి నీళ్ళు పోస్తుంటే బాగాలేదని ఎలా అంటుంది?

ఇద్దరూ బస్సు స్టాపు దాకా నడిచారు. సముద్రం వైపు వెళ్ళే బస్సు ఒకటి వచ్చి, ఖాళీగా ఆగి, ఖాళీగా వెళ్ళిపోయింది.

"ఏమండీ, ఆ సముద్రాన్ని చేసినాయన్నే అడిగితే సరిపోదా?" అంది పిన్ని. "ఆయన దానికి తలుపు పెట్టినట్టు నేనెక్కడా వినలేదు."

బాబాయి సంచులు భుజం మార్చుకుని, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి గనుక, బాగా ఆలోచించే జవాబు చెప్పాడు.

"ఆయన ఎప్పుడో ఒప్పుకునే ఉంటాడు. కానీ ఆయన దగ్గర ముద్ర లేదు."