ఎడమ చెవి తమ్మెలో దొరికిన సత్యం

ప్రయోగశాలలన్నీ మూసేయండి! ప్రార్థనా మందిరాలకి తాళాలు వేయండి. చిత్రకారులు కుంచెలు కడిగేసుకుని, కవులు కాగితాలు మడిచేసుకుని ఇళ్లకి వెళ్లిపోవచ్చు. సత్యం దొరికేసింది.

రోజూ ఉదయం ఆరుంబావుకి అది నా ఫోన్లోకి వస్తోంది. పళ్లు తోముకుంటూ చదువుతాను. నోట్లో నురగ ఉండగానే సృష్టి రహస్యం, మనిషి పుట్టుక పరమార్థం, మోకాళ్ల నొప్పికి మందు, మూడూ తెలిసిపోతాయి. ఫార్వర్డ్ మెసేజ్‌లు పెద్ద న్యూసెన్స్ అని విసుక్కునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఇంతకంటే గొప్ప వరం మానవజాతికి ఎప్పుడైనా దొరికిందా?

సైంటిస్టు ఏం చేస్తాడు? ఒక కప్ప కాలు ముందు పెట్టుకుని ఇరవయ్యేళ్లు కూర్చుంటాడు. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుని "ఇంకా పరిశోధించాల్సి ఉంది" అంటాడు. ఇరవయ్యేళ్ల తర్వాత చెప్పే మాటేనా అది? నా సీరియల్లో డిటెక్టివ్ అలా అంటే పాఠకులు పత్రిక ఆఫీసు అద్దాలు పగలగొట్టేవాళ్లు.

భక్తుల సంగతి చూద్దామా? కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఏం కనిపించిందండీ అని అడిగితే నవ్వుతారు. ఆ నవ్వుని అచ్చు వేసేదెలా?

కళాకారుడిది మరీ అన్యాయం. ఒకే ముసలావిడ ముఖాన్ని పదకొండుసార్లు గీస్తాడు. పదకొండోది కూడా చించేసి "ఇంకా ఆవిడ రాలేదు" అంటాడు. ఆవిడేమో ఎదురుగా కుర్చీలోనే ఉంటుంది పాపం, నడుంనొప్పితో!

ఫార్వర్డ్‌కి ఈ అవస్థలేవీ లేవు. మొత్తం నాలుగు సెకన్ల పని. సందేహం అనే జబ్బు దాని దరిదాపులకి రాదు. మా కుటుంబం గ్రూపులో ఒక్క మంగళవారం పొద్దున నాకు తెలిసిన సత్యాలు చెప్పనా? చంద్రుడు ఏటా అరచేతి మందాన కరిగిపోతున్నాడు, కారణం మైక్రోవేవ్ ఓవెన్లు. ఎడారిలో తవ్వితే బయటపడ్డ రాతి బొమ్మ చేతిలో టీవీ రిమోట్ ఉంది. అరటిపండుని తలకిందులుగా ఒలిచేవాళ్లకి జన్మలో మతిమరుపు రాదు. ఈ చివరిది మా పిన్ని అదే పూట మూడుసార్లు పంపింది.

పైగా ప్రతి సత్యానికీ మూడు ముద్రలు! "శాస్త్రవేత్తలు నిరూపించారు" అని పైన. "పూర్వీకులు ఎప్పుడో చెప్పారు" అని కింద. వెనకాల సూర్యోదయం బొమ్మ, ఒక గులాబీ. తరతరాలుగా ఎడముఖం పెడముఖంగా ఉన్న విజ్ఞానాన్నీ మతాన్నీ కళనీ అరచేతిలో పట్టే ఒక్క బొమ్మలో నిలబెట్టి రాజీ చేసింది ఎవరు? మా పిన్ని!

ఇంత ఆవేశంగా ఎందుకు వాదిస్తున్నానంటే, ఇందులో నాకూ వాటా ఉంది. అలాంటి సత్యం ఒకదానికి కన్నతండ్రిని నేనే.

ముప్ఫయ్యేళ్లుగా థ్రిల్లర్ సీరియళ్లు రాస్తున్నాను. మా వృత్తి రహస్యం ఒకటి చెప్తాను, బయట అనకండి. హంతకుడెవరో మీకంటే నాకు ఒక్క వారమే ముందు తెలుస్తుంది. ఒక్కోసారి మీతోపాటే తెలుస్తుంది.

చాలా ఏళ్ల కిందట ఒక సీరియల్ పదిహేడో భాగంలో డిటెక్టివ్‌ని లిఫ్టులో ఇరికించాను. విలన్ కరెంటు తీసేశాడు. డిటెక్టివ్‌కి గుండెపోటు వచ్చింది. సశేషం! వారమంతా హాయిగా తిరిగాను, వాడు ఎలా బతుకుతాడో నాకు తెలియకపోయినా. తర్వాతి భాగం రాసిచ్చి, ఆఫీసు వరండాలో టీ తాగుతుంటే అచ్చుకి పేజీలు పెట్టే ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"సార్, మీది నాలుగు లైన్లు తక్కువొచ్చింది. వెయ్యడానికి ప్రకటనా లేదు, బొమ్మా లేదు. ఇప్పుడే కావాలి."

గోడకి కాగితం ఆనించి, నిలబడే రాశాను. డిటెక్టివ్ కుడిచేతిలో రివాల్వర్ ఉంది. ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యే. దానికి అందేది ఎడమ చెవే. కాబట్టి "అతడు వణుకుతున్న వేళ్లతో ఎడమ చెవి తమ్మెని గట్టిగా నొక్కిపట్టి, ఇరవై ఒకటి నుంచి వెనక్కి లెక్కపెట్టసాగాడు. సున్నాకి వచ్చేసరికి గుండె దారికొచ్చింది" అన్నాను. ఇరవై ఒకటే ఎందుకంటారా? రోజూ ఇంటికి నేనెక్కే బస్సు నంబరు అది. టీ చల్లారకముందే పని అయిపోయింది.

ఆ నాలుగు లైన్లు రెండు నెలల కిందట నా ఫోన్లోకి తిరిగొచ్చాయి. అబ్బో, ఎంత ఎదిగిపోయాయో! చెవి తమ్మె నుంచి గుండెకి సరిగ్గా ఇరవై ఒక్క నాడులు వెళ్తాయని ప్రయోగాల్లో తేలిందట. గొప్ప శిల్పులు ఎడమ చెవిని కాస్త పెద్దగా చెక్కింది ఆ రహస్యం తెలిసేనట. పక్కనే మా ప్రాంతంలో ప్రవచనాలు చెప్పే పెద్దాయన ఫొటో, చెయ్యెత్తి దీవిస్తూ.

నిజం చెప్పాలంటే నేను పొంగిపోయాను. నేను రాసిన మిగతా వేల పేజీలు పాత కాగితాల్లో కలిసిపోయాయి. ఈ నాలుగు లైన్లకి మాత్రం చావు లేదు! ఏ రచయితకి దక్కుతుంది ఈ అదృష్టం? నేను కూడా ఇద్దరికి పంపాను.

ఆ సంతోషంలో ఉండగానే ఒకరోజు బావగారు ఫోన్ చేశారు.

"ఏమోయ్ రచయితా, మీ అక్క మెట్లెక్కుతూ సగంలో ఆగి చెవి పట్టుకుంటోందోయ్. పదిహేను రోజులైంది. ఛాతీ బిగిసినట్టు ఉంటోందట. డాక్టర్ దగ్గరికి పోదామంటే, సున్నా దాకా లెక్కపెడితే తగ్గిపోతోందిగా అంటోంది. నువ్వొచ్చి ఒకసారి చెప్పు."

మా అక్క ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పింది. చిన్నప్పుడు నేను ఏ వార్త మోసుకొచ్చినా మూడు ప్రశ్నలు వేసేది. "ఎవరు చూశారు? ఎన్నిసార్లు చూశారు? వేరే కారణం లేదని ఎలా తెలుసు?" ఆ మూడు ప్రశ్నల భయంతోనే నేను కథల్లోకి పారిపోయాను. అలాంటి మనిషి ఇప్పుడు నా బస్సు నంబరుని నమ్ముకుని మెట్ల మీద నిలబడుతోంది!

వెంటనే వెళ్లాను. వాళ్లది మూడో అంతస్తు. అక్క మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను నిజం చెప్పేశాను. కానీ ఎలా చెప్పాను? అక్కడే వృత్తి నన్ను ముంచింది. ముప్ఫయ్యేళ్ల అలవాటు! ఆ రోజు పట్టిన ముసురుతో మొదలుపెట్టాను. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించాను. పేజీలు పెట్టే ఆయన గుమ్మంలోకి రాగానే ఆపి, అక్క ముఖంలోకి చూశాను. అక్క మడత సగంలో వదిలేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

అంతా అయ్యాక నిట్టూర్చింది. "ఎంత బాగా చెప్పావురా! ఆ టీ గ్లాసు దగ్గర నాకు ఒళ్లు జలదరించింది."

"అక్కా, ఇది కథ కాదు. ఆ చెవి సంగతి నేనే కల్పించాను."

"నువ్వు కల్పించాననుకుంటున్నావు. నీ చేత రాయించారు. లేకపోతే సరిగ్గా నాలుగు లైన్లే ఎందుకు తక్కువొస్తాయి?"

"ఎవరు రాయించారే? పేజీలు పెట్టే ఆయనా?"

"వెటకారం చేయకు. నేను గుడ్డిగా నమ్మానా? పదిహేనుసార్లు నొప్పొచ్చింది, పదిహేనుసార్లూ తగ్గింది. ఇదిగో, నోట్‌బుక్కులో తేదీలతో సహా రాసుకున్నా. ఇది సైన్సు కాదూ?"

కిటికీ దగ్గర పేపరు చదువుతున్న బావగారు తల తిప్పకుండానే అన్నారు. "ఒక్కసారి చెవి పట్టుకోకుండా ఊరికే నిలబడి చూడమను. అప్పుడూ తగ్గుతుందేమో."

"మీరూరుకోండి. ఊరికే నిలబడటం మీ పద్ధతి. పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాగా!"

అక్క వేయాల్సిన మూడో ప్రశ్న బావగారు వేశారు. ఆ గదిలో ఎవరూ పట్టించుకోలేదు.

సరే, ఫొటోలో ఉన్న పెద్దాయన కాదంటే వింటుందేమోనని ఆయన ఇంటికి వెళ్లాను. బనీను వేసుకుని కుళాయి బిగించుకుంటున్నారు. ఫోన్ చూపిస్తే ఒక్క నిమిషం తేరిపార చూశారు.

"నేనెప్పుడూ అనలేదు బాబూ. నాది కాదని గ్రూపులో పెట్టాను కూడా. అందరూ దణ్ణం బొమ్మ పెట్టి, మళ్లీ ఆ చెవినే నాకు పంపారు."

"పోనీ చెవిలో ఏమన్నా ఉందంటారా?"

"చెవి దాకా ఎందుకు? దేవుడు మనిషికి నొప్పెందుకు పెట్టాడని నలభై ఏళ్లుగా అడుగుతున్నాను. నాకింకా తెలీలేదు. సభలో ఆ మాట చెప్తే జనం వాచీలు చూసుకుంటారు." రెంచీ కింద పెట్టారు. "మీ అక్కగారిని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. నా ఫొటో ఎలాగూ వాడేస్తున్నారు. దీనిక్కూడా వాడుకోండి."

తిరిగొచ్చే బస్సులోనే కొత్త ఫార్వర్డ్ ఒకటి రాశాను. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఏదీ రాయలేదు.

"డాక్టర్లు దాచిన రహస్యం! ఎడమ చెవి తమ్మె విధానం పూర్తిగా ఫలించాలంటే ముందు ఒక్కసారి ఈసీజీ తీయించుకోవాలి. ఆ తీగలు తగిలాకే ఇరవై ఒక్క నాడులూ తెరుచుకుంటాయి. గురువారం శ్రేష్ఠం. పన్నెండు మందికి పంపండి." కింద పెద్దాయన ఫొటో, ఒక సూర్యోదయం, రెండు గులాబీలు. మర్నాడే గురువారం. పిన్ని చేత గ్రూపులో వేయించాను, నా పేరుతో వస్తే అక్కకి అనుమానం వస్తుందని.

పొద్దున ఎనిమిదింటికి అక్క చదివింది. పదింటికల్లా బావగారిని తరుముతూ ఆసుపత్రిలో ఉంది. పదకొండింటికి డాక్టర్లు ఆవిడని ఇంటికి పంపేది లేదన్నారు. గుండె రక్తనాళం ఒకటి ముప్పాతిక పైగా పూడుకుపోయింది. ఆ మధ్యాహ్నమే స్టెంట్ వేశారు.

గది బయట బెంచీ మీద నేనూ బావగారూ కూర్చున్నాం. అక్క కళ్లజోడు ఆయన చేతిలో ఉంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నారు. నేను నా నాలుగు లైన్ల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. వాటికి చావు లేదని పొంగిపోయాను కదా!

మర్నాడు డాక్టరమ్మ రౌండ్లకి వచ్చినప్పుడు అక్క నోట్‌బుక్కు తీసి చూపించింది. ఆవిడ నవ్వలేదు. చివరి పేజీ దాకా చదివింది.

"చెవి వల్ల కాదమ్మా. మెట్ల మీద ఆగారు కదా, గుండెకి పని తగ్గి నొప్పి తగ్గింది. ఊరికే నిలబడినా తగ్గేది."

బావగారు పైకప్పు వైపు చూశారు. ఆ ఒక్క చూపులో నలభై ఏళ్ల విజయం ఉంది.

"మరి ఇంకో వారం ఆగి ఉంటే?" అన్నాను నేను.

"తెలీదండీ" అంది డాక్టరమ్మ. "చెప్పలేం."

ఎంత మామూలుగా అందో! అన్నేళ్లు చదువుకున్న మనిషి, మెడలో స్టెతస్కోపు వేసుకుని, బొత్తిగా సిగ్గు లేకుండా!

ఆవిడ వెళ్లాక నేను అక్క చెయ్యి పట్టుకుని, ఈసీజీ మెసేజ్ కూడా నేనే రాశానని చెప్పేశాను. ఈసారి ముసురు లేదు, చెప్పుల చప్పుడు లేదు. అక్క చాలాసేపు నన్నే చూసింది. క్లాసులో వెనక బెంచీ వాణ్ణి చూసే చూపు అది.

"అంటే ఒక అబద్ధంతో చంపబోయావు. ఇంకో అబద్ధంతో బతికించావు. మధ్యలో నిజం చెప్తే, కథ బాగుందని మెచ్చుకున్నాను." నోట్‌బుక్కు మూసి దిండు కింద పెట్టింది. "ఇప్పుడు చెప్తున్నది ఎన్ని లైన్లు తక్కువొచ్చి చెప్తున్నావురా?"

గ్లాసులో నీళ్లు నింపి అక్కకి అందేలా పెట్టి లేచాను.

ఇంటికొచ్చాను. మాదీ మూడో అంతస్తే. రెండో అంతస్తు మలుపులో ఆయాసం వచ్చి ఆగాను. పద్దెనిమిది, పదిహేడు, పదహారు దాకా వచ్చాక గమనించాను, నా వేళ్లు ఎక్కడున్నాయో! ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూశాను. ఊరికే నిలబడ్డాను. తగ్గింది. సోమవారం నాక్కూడా ఈసీజీ.

ఈ కాలమ్ పంపిన గంటకి పత్రిక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పాత ఆయన రిటైరయ్యారు. ఇప్పుడు పేజీలు పెట్టేది ఒకమ్మాయి.

"సార్, మీది నాలుగు లైన్లు తక్కువొచ్చింది. చివర్లో ఏదైనా ఒక మంచి మాట చెప్పండి సార్, టైప్ చేసుకుంటాను."

"ఖాళీగా వదిలెయ్యమ్మా."

"ఖాళీగానా? పాఠకులేమనుకుంటారు సార్?"

"తెలీదమ్మా" అన్నాను.