డిఫమేషన్ నేర్చిన రామ్మూర్తిగారు

ఊరు బాగుపడాలంటే రోడ్లు అక్కర్లేదు, కాలవలో పూడిక తియ్యక్కర్లేదు. ఊరంతా కూర్చుని ఇంగ్లీషులో ఓ పాతిక లాయరు మాటలు బట్టీ పడితే చాలు! డిఫమేషన్, ప్రైవసీ, ట్రెస్‌పాస్, ఎవిడెన్స్... ఈ నాలుగూ నోటికొస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి. నమ్మకం లేదా? అయితే కొత్తపేటకి కూతవేటు దూరంలో ఉన్న రామ్మూర్తిగారి సంగతి వినండి.

రామ్మూర్తిగారికి నాలుగెకరాల కొబ్బరితోట, పెళ్ళీడుకొచ్చిన కూతురు దుర్గాశ్రీ, ఒక నోరు ఉన్నాయి. తోటకన్నా ఆ నోరే ఊరికి ఎక్కువ పనికొచ్చేది. ఆ ఊరి కుర్రాడికి ఎక్కడ సంబంధం కుదరబోయినా, పిల్ల తరఫువాళ్ళు ముందు వాకబుకి వచ్చేది ఆయన అరుగు మీదికే. పోనీ ఆయన ఎవర్నైనా ఒక్క చెడ్డమాట అనేవారా? అబ్బే! కుర్రాడు మంచివాడైతే “ముహూర్తం ఎప్పుడండీ?” అనేవారు. కాకపోతే బొండం కొట్టించి ఇచ్చి, “ఎండెక్కిపోతోందండీ, మళ్ళీ బస్సు దొరకదు, బయల్దేరండి” అనేవారు. వచ్చినవాళ్ళకి విషయం బోధపడేది. ఆ బొండాల పుణ్యమా అని గండం గడిచిన ఆడపిల్లలు చుట్టుపక్కల పాతికమందైనా ఉంటారు.

ఎంత అనాగరికమో చూశారా! సాక్ష్యం లేదు, కాగితం లేదు. ఒక మగవాడి పరువుని బొండం నీళ్ళలో కలిపెయ్యడమేనా?

తగిన శాస్తి ఓ గృహప్రవేశంలో జరిగింది. అక్కడ క్యాటరింగ్ నాని వండిన పనసపొట్టు కూర తిని, చెయ్యి కడుక్కుంటూ రామ్మూర్తిగారు “ఆవ తగల్లేదండీ” అన్నారు. పక్కన పదిమంది విన్నారు. వారం తిరక్కుండా రిజిస్టర్ పోస్టులో నాని తరఫున లాయరు నోటీసు! నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. ఆయన దాన్ని పట్టుకుని, కొత్తపేటలో ఓ వకీలు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తా చేస్తున్న సత్యప్రసాద్ ఇంటికి పరిగెత్తారు.

“ఇది డిఫమేషన్ అండీ బాబూ, పరువునష్టం! ఆయన వృత్తిని దెబ్బకొట్టేరంట మీరు.”

“ఆవ నిజంగానే లేదయ్యా!”

“ఎవిడెన్స్ ఉందాండీ?”

కూర తినేశాక ఎవిడెన్స్ ఎక్కడ మిగులుతుంది? రామ్మూర్తిగారు నాని ఇంటికి వెళ్ళి, ఆవ ఉందనీ, ఘాటుకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయనీ కాగితం రాసిచ్చి బయటపడ్డారు.

ఆ భయం ఊరంతా పాకింది. సత్యప్రసాద్ సమయం చూసుకుని కొబ్బరికాయలు వలిచే షెడ్డులో సాయంత్రం క్లాసులు పెట్టాడు. మొదటి వరసలో రామ్మూర్తిగారే. మనిషి కసిగా నేర్చుకున్నారు. ఆ చట్టంలో మినహాయింపులు కూడా ఏవో ఉన్నాయట. నిజం చెప్పొచ్చట, ఎదుటివాళ్ళ మేలు కోరి చెప్పొచ్చట. అవి రెండో బ్యాచ్ సిలబస్సు. మొదటి బ్యాచ్‌కి భయం ఒక్కటే నేర్పారు.

నెల తిరిగేసరికి ఊరికి ఎంత సభ్యత వచ్చిందని! “ఎక్కడికండీ?” అని ఎవరూ అడగరు, అది హెరాస్‌మెంట్. “ఏం కూరండీ?” అని గోడ మీంచి తొంగి చూడరు, అది ప్రైవసీ. గంగరేగు చెట్టు కొమ్మ పక్క పెరట్లోకి వంగితే ట్రెస్‌పాస్ అన్నారు. ఒకాయన గేదె ఎవరి చేలోనో మేసిందంటే, “ఆ టైముకి మా గేదె కాలవలో ఉందండీ, ఎలిబీ ఉంది” అన్నాడు. గేదెని మాత్రం ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా ఊరు మెచ్చిన మాట ‘అలెజ్డ్’. అంటే, అన్నారుగానీ రుజువు కాలేదని. అది ముందు తగిలిస్తే ఏ కేసూ రాదని సత్యప్రసాద్ చెప్పాడు. ఇక చూడండి మర్యాద! “మా అలెజ్డ్ అల్లుడుగారు వచ్చేరండీ.” “అలెజ్డ్ పులస అండీ, వండేం.” పట్టపగలు తోటలో ఎవడో చెట్టెక్కి గెలలు దింపుతుంటే, కింద నలుగురు నిలబడి “అలెజ్డ్ దొంగగారూ, జాగ్రత్తండీ, మట్ట జారుద్ది” అన్నారు. దొంగ కూడా దిగి వెళ్తూ నమస్కారం పెట్టాడు. ఇంతకన్నా ప్రశాంతమైన ఊరు దేశంలో ఉంటుందా?

ఇంట్లో ఆయన భార్య సావిత్రిగారు ఒక్కరే దారికి రాలేదు. “చారులో ఉప్పు సరిపోయిందాండీ?” అని ఆవిడ అడిగితే, భర్త “వితౌట్ ప్రెజుడిస్, ఏమీ చెప్పలేను” అన్నారు. ఆ పూటకి ఆవిడ మజ్జిగ వడ్డించలేదు.

రామ్మూర్తిగారి పక్కిల్లు హరిబాబుది. హరిబాబు సాయంత్రం తాగొచ్చి తల్లిని కొడతాడు. పూర్వం ఆవిడ కేక వినపడగానే రామ్మూర్తిగారు గోడ దూకి, “ఏరా!” అని ఒక్క అరుపు అరిచేవారు. వాడు చెయ్యి దించేవాడు. క్లాసులో చేరాక తెలిసింది, గోడ దూకడం ట్రెస్‌పాస్, ఇంటి గొడవ ప్రైవసీ అని. అందుకని ఆయన టీవీ సౌండ్ పెంచుకోవడం అలవాటు చేసుకున్నారు.

అలాంటి రోజుల్లో మురమళ్ళ నుంచి కేశవరావుగారని ఓ పెద్దమనిషి అరుగెక్కారు.

“మా అమ్మాయి ప్రశాంతికి మీ పక్కింటి హరిబాబుగారి సంబంధం వచ్చిందండీ. పెళ్ళి కుదరాలని మా వీరేశ్వరస్వామికి కల్యాణం కూడా చేయించేం. మీ నోట ఓ మాట విని పోదామని వచ్చేనండీ.”

రామ్మూర్తిగారు పక్కింటి గోడకేసి ఓసారి చూశారు. “అది థర్డ్ పార్టీ ప్రైవసీ అండీ. నేనేమీ చెప్పకూడదు” అన్నారు. బొండం కూడా కొట్టించలేదు. అది ఇన్‌డైరెక్ట్ డిఫమేషన్ అవుతుందని సత్యప్రసాద్ ముందే హెచ్చరించాడు. ఇంత నిగ్రహం మన పెద్దలకి ఉండేదా చెప్పండి?

ఈ నిగ్రహానికి మెచ్చే, సత్యప్రసాద్ మండపేటలో బ్రాంచి తెరిచినప్పుడు రిబ్బను రామ్మూర్తిగారి చేత కత్తిరింపించాడు. ఆయన అరగంట మాట్లాడారు. “ఎవరేమడిగినా చెప్పకండి!” అన్నారు. చప్పట్లు మారుమోగాయి.

ఆ తర్వాత మూడు వారాలకి దుర్గాశ్రీకి సంబంధం వచ్చింది. ఎక్కణ్ణించి? మండపేట నుంచే! కుర్రాడు రైసుమిల్లులో గుమాస్తా. ఫొటోలో చక్కగా నవ్వుతున్నాడు. రామ్మూర్తిగారు వాకబుకి బస్సెక్కారు.

మిల్లు ఎదురుగా టీకొట్టాయన ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. “గురువుగారూ! మీరా అండీ! ఆయ్, ఆ కుర్రాడి సంగతాండీ? ప్రైవసీ అండీ.” మిల్లు వాచ్‌మన్ చేతులు జోడించి, “ఎవరేమడిగినా చెప్పకండి అని మీరే కదండీ అన్నారు” అన్నాడు. కిరాణాకొట్టు ఆయన నోరే విప్పలేదు, నోట్సు తీసి చూపించాడు. మండే ఎండలో రామ్మూర్తిగారు పదకొండు గుమ్మాలెక్కి దిగారు. కూతురు ముఖం కళ్ళముందు మెదిలింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా చెబితే బావుణ్ణని ఆయన ప్రాణం కొట్టుకుంది.

చివరికి లారీలో బియ్యం బస్తాలెత్తుతున్న గంగయ్య ఆగాడు. బస్తాలెత్తేవాడికి క్లాసులకి తీరిక ఎక్కడిది? లా చదువు లేనివాడు కాబట్టి తిన్నగా చెప్పేశాడు.

“ఆడికా పిల్లనిచ్చేది? వద్దు బాబూ. కాకినాడలో ఇదివరకే పెళ్ళాం ఉంది. కడుపుతో ఉన్నప్పుడు కొట్టి ఎళ్ళగొట్టేడు. నేను చెప్పేనని చెప్పుకోండి, నాకేం భయం లేదు.”

డిఫమేషన్, ప్రైవసీ, అన్నీ ఒక్క దెబ్బతో తుంగలో తొక్కేశాడు! రామ్మూర్తిగారు ఆ చెమట చేతులు రెండూ పట్టుకుని, నడిరోడ్డు మీద భోరుమన్నారు.

అక్కణ్ణించి ఆయన ఇంటికి వెళ్ళలేదు. బస్సులు మారి మురమళ్ళ చేరారు. కేశవరావుగారి వాకిట్లో పందిరి వేస్తున్నారు. ఆయన ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చి, “ఎల్లుండే అండీ పెళ్ళి. మీరు బొండమిచ్చి బయల్దేరమనలేదు, ఏమీ అనలేదు. వంకుంటే మీరు చెప్పకుండా ఉంటారాండీ? ఆ ధైర్యంతోనే ఖాయం చేసేం” అన్నారు. లోపలినుంచి ప్రశాంతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చేతులకి గోరింటాకు అప్పుడే ఎర్రగా పండింది.

గ్లాసు కింద పెట్టి, రామ్మూర్తిగారు అలెజ్డ్ అనకుండా, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పేశారు. ఆ సాయంత్రమే పందిరి విప్పేశారు.

నాలుగో రోజున హరిబాబు తరఫున నోటీసు వచ్చింది. ఈసారి ఆరు పేజీలు. సత్యప్రసాద్ చదివి తల పట్టుకున్నాడు. “నిండా మునిగిపోయేరండీ. ఎవిడెన్స్ ఏదండీ?”

“వాళ్ళమ్మ వీపు చూస్తే తెలుస్తుందిలే. అది సరేగానీ, మొదట కేశవరావుగారొచ్చినప్పుడు నోరుమూసుకుని పంపించేసేను చూడు. ఆ నేరాన్ని ఇంగ్లీషులో ఏమంటారయ్యా?”

సత్యప్రసాద్ నోట్సు మొదటి పేజీ నుంచి అట్ట దాకా తిరగేశాడు. మళ్ళీ వెనక నుంచి ముందుకి తిరగేశాడు.

“అది నేరం కాదండీ. దానికి మాటేమీ ఇవ్వలేదండీ ఇందులో.”

విన్నారా! అందుకే మొత్తుకుంటున్నాను, ఈ మాటలు నేర్చుకోండి. మాట్లాడినవాడికి ఆరు పేజీల నోటీసు, ఊరుకున్నవాడికి ఏమీ లేదు. రేపు మీ గుమ్మంలోకి ఎవరైనా వాకబుకి వస్తే, ప్రైవసీ అనేసి తలుపేసుకోండి. ఏ కోర్టూ మిమ్మల్నేమీ అడగదు. ఇచ్చేది మీ పిల్లని కాదు కదా!