గాలిరాజు ఎర్ర దుప్పటి

గాలిరాజుకు ఆ ఎర్ర దుప్పటి నప్పలేదని టీ కొట్టు దగ్గర తాతాజీ అన్న మరునాడు, ఆకాశంలో ఎగురుతున్న గాలిరాజు వీపు మీంచి ఆ దుప్పటి ఊడి సరిగ్గా బుల్లెమ్మ టీ కొట్టు ముందే పడింది. రేవుపేటలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అభిమాని అన్న మాట అమలు కావడానికి మామూలుగా పట్టే వ్యవధి అంతే. బుల్లెమ్మ దాన్ని ఉతికి, నాలుగు కొసలూ వెదురుకర్రలకు కట్టి, కొట్టు ముందు పందిరిలా వేసుకుంది. అప్పట్నుంచి అందరూ దాని కిందే కూర్చుని టీ తాగుతున్నారు.

గాలిరాజంటే మహావీరుల శాఖ వారు గోదావరి పాయల ప్రాంతానికి వేసిన వీరుడు. ఎగరగలడు. ఇసుక లారీని ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టగలడు. కళ్ళలోంచి మంటలు రప్పించడం మాత్రం రాదు, అది ప్రమోషన్ మీద వచ్చేది. తాతాజీ అంటే బస్టాండు పక్కన సెల్‌ఫోన్లకు స్క్రీన్ గార్డులు అతికించే మనిషి. కౌంటరు కింద పాత బొమ్మల కథల పుస్తకాలు, ఫోనులో డబ్బింగు అయిన వీరుల సినిమాలు, నోట్లో ఎప్పుడూ వాటి గురించి ఏదో ఒక మాట. ఫోనుకు గార్డు అతికించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఏ వీరుడికి ఏ లోపముందో తెలుసుకుని మరీ వెళ్ళేవారు.

శాఖ వారు మొదట్లో నిపుణుల కమిటీ వేసి చూశారు. కమిటీ తీర్చిదిద్దిన వీరుడు బ్రహ్మాండంగా ఎగిరాడు గానీ, ఒక్కడంటే ఒక్కడు తలెత్తి చూడలేదు. ఎవరూ చూడని వీరుడు మెల్లగా పలచబడిపోతాడు. ఆ వీరుడు కూడా అలాగే పలచబడి, ఒకనాడు హాజరు వేయడానికి మనిషే కనబడలేదు. అప్పట్నుంచి అభిమానుల అభిప్రాయాల మీదే బండి నడుపుతున్నారు. ఒకటే నిబంధన. అభిప్రాయం ఊసుపోక అన్నదై ఉండాలి. పనిగట్టుకుని అన్నది అభిప్రాయం కాదు, వినతి. వినతులకు వేరే విభాగముంది. అక్కడికి వెళ్ళిన వినతి తిరిగి రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

రేవుపేటలో అభిప్రాయాలు సేకరించే ఉద్యోగి పేరు విశ్వపతి. నెమ్మదైన మనిషి. పందిరి కింద బల్ల చివర కూర్చుని, పంచదార తక్కువ టీ తాగుతూ, విన్నది విన్నట్టు ఫోనులో కొట్టుకునేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే అది ఊసుపోక అన్న మాట కాకుండా పోతుంది కదా.

తాతాజీ మాటంటే శాఖలో మహా గురి. "సినిమాల్లో రంగు వెలిసిపోయిందిరా, బొమ్మల పుస్తకంలో ఉన్నప్పుడే వీరుడు వీరుడిలా ఉండేవాడు" అని ఒకసారి అన్నాడు. తెల్లారేసరికి గాలిరాజు నాలుగు రంగుల చుక్కలతో, చుట్టూ నల్లటి గీతతో ప్రత్యక్షమయ్యాడు. ఎదురుగా చూస్తే కన్నుల పండుగే. పక్కనుంచి చూస్తే మాత్రం కాగితమంత మందం. గాలి వీస్తే కరెంటు తీగలకు చిక్కుకుపోయేవాడు. తీగలకు వేలాడే వీరుడేంట్రా అని తాతాజీయే విసుక్కున్నాక గానీ మళ్ళీ మనిషంత మందం రాలేదు. "ఎప్పుడూ నవ్వుతా ఉంటే వీరుడేంట్రా, లోపల కాస్త బాధుండాలి" అని ఇంకోసారి అన్నాడు. ఆ వారంలోనే గాలిరాజు పెళ్ళి సంబంధం శాఖాపరంగా తప్పిపోయింది. ఆ తర్వాత గాలిరాజు మొహంలోకి నిజంగానే ఒక నిండుదనం వచ్చిందని ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు.

కొబ్బరిపీచు గోడౌను తగలబడినప్పుడు గాలిరాజు లోపలికీ బయటికీ తిరుగుతూ మనుషుల్ని మోసుకొచ్చాడు. చాలాసేపే పట్టింది. "సీను బాగుంది గానీ లాగింది, సగం లేపెయ్యొచ్చు" అన్నాడు తాతాజీ బన్ను టీలో ముంచుకుంటూ. శాఖ వారు సగం తీసేశారు. తీసేసిన సగంలో ఎవరున్నారో తాతాజీ అడగలేదు. ఆ ఆలోచనే అతనికి రాలేదు, పాపం.

అలాగని అతనికి ప్రేమ లేదనుకుంటే తప్పు. ఎన్ని వంకలు పెట్టినా, గాలిరాజు నెత్తి మీంచి వెళుతున్నాడంటే తాతాజీ చేతిలోని స్క్రీన్ గార్డు వంకరగా అతుక్కుపోయేది. నోరెళ్ళబెట్టి, ఆ మనిషి కొబ్బరితోటల అవతల చుక్కయ్యేదాకా చూసేవాడు. ఒక మనిషి గాలిలో వెళ్ళడమేమిటి, దాన్ని చూసే భాగ్యం రేవుపేటలో పుట్టిన తనకు దక్కడమేమిటి అనుకుంటే అతనికి కళ్ళు చెమర్చేవి. ప్రేమ ఉన్నచోటే వంకలూ ఉంటాయని అతని నమ్మకం.

ఆ ఏడు గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. తాతాజీ పందిరి కింద ఉండగా అక్క ఫోను చేసింది. అక్క పేరు మంగతాయారు. ఏటిగట్టు పక్కనే ఉన్న కర్రివారిపాలెంలో కాపురం.

"ఒరేయ్ తమ్ముడూ, గట్టుకి గండి పడిందిరా. నీ గాలిరాజు వచ్చి గండిలో నిలబడ్డాడు. ఏటికి ఈపు ఆనించేసి, మావైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఊరు ఊరంతా ఆయన ముందే ఉన్నాం. మా అత్తగారు చూస్తే కదల్లేదు, గేదెల్ని ఒదిలి మావయ్య రాడు. లారీలు ఇంకా రాలేదు."

తాతాజీ వెంటనే ఫోనులో వీడియో పెట్టాడు. అప్పటికే పందిరి కింద అందరి ఫోన్లలోనూ గాలిరాజే. మొదట్లో అందరూ అబ్బో అన్నారు. పూట గడిచింది. గాలిరాజు కదల్లేదు, నీళ్ళు తగ్గలేదు. పక్కనే కూర్చున్న సత్తిపండు ఆవులించాడు. సత్తిపండు తాతాజీకి చిన్ననాటి స్నేహితుడు, చెడ్డవాడేం కాదు.

"ఏవుందిరా ఇందులో, అలా నిలబడే ఉంటన్నాడు. ఒక ఫైటింగా, ఒక ఎగురుడా? బాగా లాగుతున్నాడు" అన్నాడు.

"అవును, కాస్త కట్ చెయ్యాల్సింది" అన్నాడు అవతలి బల్ల మీది మనిషి.

విశ్వపతి నిమ్మకు నీరెత్తినట్టు ఫోనులో కొట్టుకుంటున్నాడు. తాతాజీకి ఉన్నట్టుండి గోడౌను గుర్తొచ్చింది. సగం తీసేస్తారు. ఇక్కడ సగం తీసేస్తే గాలిరాజు మధ్యలోనే లేచి వెళ్ళిపోతాడు, మిగిలిన సగం నీళ్ళు పాలెం మీద పడతాయి.

"విశ్వపతి గారూ, అది రాయకండి బాబూ! మా అక్క అక్కడే ఉందండి. ఆయన అద్భుతంగా చేస్తున్నాడని నా మాటగా రాసుకోండి."

"అది వినతండి తాతాజీ గారూ" అన్నాడు విశ్వపతి బాధగానే. "మీలాంటి పెద్ద అభిమాని నోటి మాట కావాలని నాకూ ఉంటదండి. కానీ ఇది చెల్లదు కదండీ."

తాతాజీ బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. టీ గ్లాసు పట్టుకున్నాడు. ఎటో చూస్తూ, "బానే చేస్తన్నాడులే, ఇంకాసేపు చేసినా నష్టం లేదు" అన్నాడు. గ్లాసులో టీ చేతి మీద ఒలికింది.

"గొంతులో అవసరం వినపడతా ఉందండి" అన్నాడు విశ్వపతి.

తాతాజీ సత్తిపండు భుజాలు పట్టుకుని బతిమాలాడు. సత్తిపండు వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుని, గాలిరాజంతటి మొనగాడు లేడని గట్టిగా అరిచాడు. అదీ చెల్లలేదు. బతిమాలించుకుని అన్న మాట కూడా వినతి కిందికే వస్తుంది. అంతకుముందు ఊసుపోక అన్నది మాత్రం నిక్షేపంగా చెల్లింది. ఇంక ఆగలేక తాతాజీ మోటారు సైకిలెక్కాడు. అభిమాని ఎక్కడుంటే అక్కడుండాలన్నది ఉద్యోగ ధర్మం గనక విశ్వపతి వెనకెక్కాడు.

ఏటిగట్టు మీద జోరువానలో పోయి పోయి గండి దగ్గర బండి ఆపాడు. అక్క కోసమే వచ్చాడు. అక్క ఇంటివైపే చూడాలనుకున్నాడు. కానీ తల ఎత్తాడు.

గోదావరి అంతా ఎర్రగా, ఒడ్డు కనబడకుండా, లేచి నిలబడి ఉంది. కొబ్బరిచెట్టంత ఎత్తున నీళ్ళు. వాటిలో చెట్లు, పూరికప్పులు, ఎవరిదో నాటుపడవ గిరగిరా తిరుగుతున్నాయి. ఆ మొత్తానికీ వీపు ఆనించి, చేతులు రెండు పక్కలకూ చాపి, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. చెవుల పక్క నుంచి సన్నటి ధారలు దూకుతున్నాయి. అతని కాళ్ళ ముందు నేల పొడిగా ఉంది. ఆ పొడినేల మీద ఒక కోడి తన పిల్లలతో గింజలు ఏరుకుంటోంది.

ఎన్ని పుస్తకాలు, ఎన్ని సినిమాలు! ఏ బొమ్మలోనూ మోకాళ్ళు వణకడం గీయలేదు. తాతాజీకి ఒళ్ళంతా జలదరించింది. అక్క సంగతి మరిచిపోయాడు. విశ్వపతి సంగతి, ఊరి సంగతి, తన సంగతి మరిచిపోయాడు. చిన్నప్పుడు మొదటి బొమ్మల పుస్తకం తెరిచినప్పటి నోరే మళ్ళీ తెరుచుకుంది.

"అబ్బబ్బబ్బా! ఏం నిలబడ్డాడ్రా నాయనా! ఇలాగే ఉండిపోవాలి, అంతే!"

వెనకనుంచి విశ్వపతి అన్నాడు: "ఇది తీసుకుంటానండి."

వరద వేళ గనక ఆ మాట తెల్లారేదాకా ఆగలేదు, సత్తిపండు మాటను కొట్టేసి అప్పటికప్పుడే అమలైంది. గాలిరాజు మోకాళ్ళ వణుకు ఠక్కున ఆగిపోయింది. ధారలు ఆగాయి. లారీలు వచ్చాయి. మంగతాయారు అత్తగారినీ గేదెల్నీ ఎక్కించి, గట్టు మీదికొచ్చి తమ్ముణ్ణి పట్టుకుని బావురుమంది. తాతాజీకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాటతో ఒక ఊరిని నిలబెట్టానన్న సంతోషంతో ఆ వానలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వరద తీసింది. పాలెం వాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చారు. గాలిరాజు గండిలోనే ఉన్నాడు. ఉండిపోవాలన్నది అభిప్రాయం, అమలైంది. గట్టు బాగుచేయడానికి వచ్చిన ఇంజనీర్లు చుట్టూ తిరిగి చూసి, గండి పూడ్చే పని అవసరం లేదని తేల్చారు. గండిలో ఇప్పటికే ఒక మనిషి ఉన్నాడు కదా. శాఖ తరఫున ఆయనకు శాలువా కప్పబోయారు గానీ, చేతులు చాచి ఉండడం వల్ల అది నిలవలేదు. పక్కనే పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పాలెం వాళ్ళు రోజూ సాయంత్రం ఆయన ముందు నిలబడి చప్పట్లు కొట్టేవారు. తర్వాత పండగలకు కొట్టేవారు.

చలికాలంలో తాతాజీ అక్కను చూడ్డానికి వెళ్ళాడు, ఉద్యోగ ధర్మం ప్రకారం వెంట విశ్వపతీ వచ్చాడు. మంగతాయారు తాడు ఒక కొస కొబ్బరిచెట్టుకూ, ఇంకో కొస గాలిరాజు మోచేతికీ కట్టి బట్టలారేస్తోంది.

"ఆయన్ని అడిగే కట్టాన్రా" అంది తమ్ముడి చూపు కనిపెట్టి. "ఏవనుకోరు. బంగారంలాంటి మనిషి."

తాతాజీ దగ్గరికెళ్ళి నమస్కారం పెట్టాడు. గాలిరాజును ఇంత దగ్గరగా చూడడం అదే మొదలు. భుజాల మీద మంచు నీళ్ళై కారుతోంది.

"తాతాజీ గారేనాండి?" అన్నాడు గాలిరాజు. "మిమ్మల్ని చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటన్నానండి. కాస్సేపు కూర్చోవచ్చంటారా?"

తాతాజీ నోరు తెరిచి విశ్వపతి వైపు చూశాడు. విశ్వపతి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడేమన్నా అది వినతే.

"అయ్యో, ఆయన కూర్చుంటే మేవేం గావాల్రా?" అంది వెనకనుంచి మంగతాయారు.

"పర్లేదండి" అన్నాడు గాలిరాజే. "పోనీ, నాదొక ఎర్ర దుప్పటి ఉండేదండి. మంచు బాగా పడతా ఉంది. అదెక్కడన్నా కనపడితే..."

తాతాజీ మళ్ళీ చేతులు జోడించాడు. "మీరు చాలా గొప్పవారండి" అన్నాడు. నిజంగానే అన్నాడు, గుండె నిండా అన్నాడు.

సాయంత్రం తిన్నగా బుల్లెమ్మ కొట్టుకే వెళ్ళాడు. సన్నగా జల్లు పడుతోంది. ఎర్ర దుప్పటి విప్పి ఇమ్మని అడిగాడు. ఎవరి కోసమో కూడా చెప్పాడు.

"దానికేం భాగ్యం, తీసుకెళ్ళు బాబూ" అంది బుల్లెమ్మ వెంటనే. "కానీ ఈ జల్లులో మీరంతా ఎక్కడ కూర్చుంటారు మరి?"

తాతాజీ చూశాడు. పందిరి కింద సత్తిపండు, అవతలి బల్ల మనిషి, బల్ల చివర విశ్వపతి, అందరూ పొడిగా, వెచ్చగా కూర్చుని ఉన్నారు. జల్లు తగ్గాక తీసుకెళదామని తనూ కూర్చున్నాడు. టీ వచ్చింది.

"ఈ మధ్య గాలిరాజు కథేం బాలేదురా" అన్నాడు సత్తిపండు. "కొత్తోడెవడన్నా వస్తే బాగుణ్ణు."

విశ్వపతి ఫోనులో కొట్టుకున్నాడు. ఆ మాట గాలిరాజును కదిపేది కాదు, కొత్తవాణ్ణి తెచ్చేది మాత్రమే. ఆ తర్వాత గాలిరాజు గురించి పందిరి కింద ఎవరూ ఏమీ అనలేదు. మంచీ అనలేదు, చెడూ అనలేదు. ఎవరికీ అభిప్రాయం లేని వీరుణ్ణి కదిపే నిబంధన శాఖలో లేదు. పాలెం వాళ్ళు మాత్రం ఆరేసిన బట్టలు తీసేటప్పుడు రోజూ ఆయన వైపు చూస్తారు గనక, పలచబడిపోయే అవకాశమూ లేదు.

కొత్తవాడు సంక్రాంతి వెళ్ళాక వచ్చాడు. మబ్బుల్ని చీల్చుకుని, బస్టాండు మీంచి, కొబ్బరితోటల మీంచి దూసుకుపోయాడు. వీపున నీలం దుప్పటి రెపరెపలాడింది. ఊరంతా తలలెత్తి చూసింది. తాతాజీ చేతిలో స్క్రీన్ గార్డు వంకరగా అతుక్కుపోయింది.

"ఇతనికి నప్పిందిరా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.