మా బావకు తిరిగొచ్చిన యవ్వనం

అయ్యా, అమ్మా! వయసు తగ్గించుకోవడానికి తలకు రంగేస్తున్నారా? పొద్దున్నే లేచి పార్కులో పరుగులు తీస్తున్నారా? ఆపేయండి. డబ్బూ దండగ, మోకాళ్ళూ దండగ! మీరు కార్ల మెకానిక్కయితే ఒక కంపెనీ కార్లు వదిలేసి ఇంకో కంపెనీ కార్లకు మారండి. తెల్లారేసరికి మీరు పాలుగారే పసివాళ్ళు కాకపోతే నన్నడగండి.

గాలి కబుర్లు కావివి. మా అక్క మొగుడే సాక్షి.

మా బావ ఒకే కంపెనీ కార్లు రిపేరు చేస్తూ సగం జీవితం గడిపాడు. ఆ షెడ్డులో ఆయన పేరు చెవుల మేస్త్రీ. బండి ఇంకా గేటు బయట ఉండగానే, చేతిలో టీ గ్లాసు దించకుండా, "దాని బెల్టు పోయింది, తోసుకురండి" అనేవాడు. తీరా చూస్తే బెల్టు పోయే ఉండేది. మేస్త్రీ మాట పోతుందన్న భయంతో అప్పటికప్పుడు తెగేదేమోనని నా అనుమానం. ఈ విద్య ఇంట్లోనూ ప్రదర్శించేవాడు. ఫ్యాను మోత, మిక్సీ రొద, పక్కింటాయన దగ్గు, దేన్నీ వదలకుండా చెవొగ్గి రోగం చెప్పేవాడు.

ఇంతలో ఆ షోరూము మూతపడింది. బావ రోడ్డుకు అటువైపున్న ఇంకో కంపెనీ వర్క్‌షాపులో చేరాడు. చేరిన రోజే నీలం చొక్కా ఒకటి చేతిలో పెట్టారు. జేబు మీద దారంతో కుట్టి ఉంది: ట్రైనీ! మూడు నెలలు అదే వేసుకోవాలి. ఆ తర్వాత ఉద్యోగం ఖాయమా, ఇంటికి పంపడమా అన్నది ఒక్క ఫోన్‌కాల్ తేలుస్తుంది. బావ సొంతంగా సర్వీసు చేసిన మొదటి బండి ఓనరుకు కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, పదికి ఎన్ని మార్కులేస్తారని అడుగుతారు. పదికి పదొస్తే పాస్. తొమ్మిదొచ్చినా ఫెయిలే.

చూశారా అదృష్టం? నెరిసిన మీసంతో పరీక్ష రాసే యోగం ఎంతమందికి పడుతుంది?

మా అక్క ఆనందం పట్టలేకపోయింది. "ఏమండీ, సంచిలో నీళ్ళ సీసా పెట్టాను. అక్కడ ఎవరితోనూ కొట్లాడకండి. మేడమ్ చెప్పింది బుద్ధిగా వినండి" అని గుమ్మం దాకా వచ్చి సాగనంపేది.

ఆ మేడమ్ ట్రైనింగ్ ఇచ్చేవారు. మొదటి పాఠమే, "సార్, ముందు మీకొచ్చిందంతా మర్చిపోండి" అన్నారట. ఆహా, ఎంత గొప్ప మాట! మునులు గుహల్లో కూర్చుని గడ్డాలు పెంచినా కుదరని పని, ఈ కంపెనీ ఏసీ గదిలో కూర్చోబెట్టి, బిస్కెట్లిచ్చి మరీ నేర్పుతోంది.

బావ మర్చిపోతానన్నాడు. చేతులే ఒప్పుకోలేదు. పాత కార్లలో బానెట్ లివరు ఎడమవైపు. ఇక్కడ కుడివైపు. అలవాటుగా ఎడమవైపు లాగితే పెట్రోలు మూత తెరుచుకుంది. సొంత పిల్లల్లా తుడిచి దాచుకున్న పానాలు ఇక్కడి బోల్టులకు ఒక్కటీ పట్టలేదు. పోనీ చెవి పనికొస్తుందా అంటే, ఈ కార్లు పిల్లుల్లా చప్పుడు లేకుండా నడుస్తాయి. తమ బాధ తమ కంపెనీ స్కానరుకు తప్ప పరాయివాళ్ళకు చెప్పుకోవు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, కార్ల లోకంలో ప్రతి కంపెనీ ఉలిపికట్టే.

ఇందులో తప్పేముందండీ? మనుషుల్ని కూడా ఇలాగే తయారుచేసి ఉంటే ఎంత బాగుండేది! ఒక కంపెనీ మనిషికి గుండె ఎడమవైపు, ఇంకో కంపెనీ మనిషికి మోకాలి వెనక. మీకు నొప్పొస్తే డాక్టరు నాడి పట్టుకుని, "అయ్యో, మీరు మా కంపెనీ కాదండీ" అని చెయ్యి వదిలేస్తాడు. పెళ్ళిచూపుల్లో ముందే అడిగి తెలుసుకోవచ్చు, అమ్మాయిదీ అబ్బాయిదీ ఒకే కంపెనీనా అని. ఖర్చెంత కలిసొస్తుంది!

సరే, పరీక్ష దగ్గరపడింది. మొదటి బండి తెలిసినవాళ్ళదైతే మార్కులకు ఢోకా ఉండదని అక్కకు తోచింది. మా బంధువులందరిలో ఆ కంపెనీ కారున్న మహానుభావుడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే.

"ఏరా, నీ కారు ఓసారి బావకియ్యరాదూ? ఊరికే సర్వీసు చేసిపెడతారు" అంది అక్క.

ఊరికే అన్న మాట వినబడ్డాక నాకు ఇంకేమీ వినబడదు. తాళం ఇచ్చేశాను.

బావ బండిని లిఫ్టు మీద పైకెత్తాడు. ఇంజిన్ ఆయిల్ దించడం ఆయనకు నిద్రలో చేసే పని. చెయ్యి నేరుగా పాత చోటికే వెళ్ళింది. అక్కడ బోల్టు ఉంది. విప్పాడు. ఎర్రగా, శుభ్రంగా ఆయిలు కారింది. "బావమరిది బండిని ఎంత పదిలంగా వాడుకుంటున్నాడు, పాత ఆయిలు కూడా కొత్తదానిలా ఉంది!" అని మురిసిపోయాడట.

అది గేర్‌బాక్సు ఆయిలు! ఈ కంపెనీవాళ్ళు ఆ చోట గేర్‌బాక్సు బోల్టు పెట్టి, ఇంజిన్ బోల్టును రెండు జానలు వెనక్కి జరిపారు. బావ బోల్టు బిగించి, ఇంజిన్‌లో కొత్త ఆయిలు నిండుగా పోశాడు. పాతది అందులోనే ఉంది. అంటే ఇంజిన్‌కు రెండు భోజనాలు, గేర్‌బాక్సుకు కటిక ఉపవాసం.

ఎలాగో మా వాకిలి చేరింది మొదలు, నా కారంత క్షేమమైన కారు భూమ్మీద లేదు. స్టార్ట్ చేస్తే ఇంజిన్ గాండ్రిస్తుంది, వెనక పొగ కమ్ముతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. యాక్సిడెంట్ల భయం లేదు, పార్కింగ్ వెతుక్కునే బాధ లేదు. మా ఆవిడ తన కారు తాళం ఇవ్వదు కాబట్టి, నడిచి నడిచి నా పొట్ట కూడా తగ్గింది. నేనేమైనా ఫిర్యాదు చేస్తున్నానా?

వారం తిరిగాక ఓ సాయంత్రం బావ అక్కతో కలిసి మా ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. ఫ్యాను కిర్రుమంటున్నా తలెత్తలేదు. ఆయన్ని అలా చూసేసరికి నాకు కోపం రాలేదు.

"చెయ్యి దానంతటదే వెళ్ళిపోయిందిరా" అన్నాడు. "నాకు పని రాదనుకోకు. ఆ బోల్టు ఎందుకు జరిపార్రా? రెండు జానలు జరిపితే కారేమన్నా గాల్లో ఎగురుతుందా? మనకొచ్చిన పని రోడ్డుకు అటువైపు కూడా పనికిరాకుండా పోవాలా?"

ఆ బోల్టు జరిపిన పెద్దమనిషికి ఎవరూ ఫోన్ చేసి మార్కులడగరు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. "సార్, మీ కారు సర్వీసుకు పదికి ఎన్ని మార్కులిస్తారు?" అంది తీయని గొంతు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో నా కారు కదలకుండా నిలబడి ఉంది. సోఫాలో బావ కూడా అలాగే ఉన్నాడు. నిజం చెబితే బావ ఉద్యోగం పోతుంది. అబద్ధం చెబితే గేర్‌బాక్సు ఖర్చు నా నెత్తినే పడుతుంది. నాలుక చివరిదాకా 'నాలుగు' వచ్చి ఆగింది.

అక్క బావ పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. "మీరు దిగులు పడకండి. ఇది పోతే ఇంకో కంపెనీ లేదా? మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుందురుగాని" అని, నా వైపు తిరిగింది.

"ఏరా తమ్ముడూ, మీ ఆవిడ కారు ఏ కంపెనీదిరా?"

"పది!" అని ఫోన్లో అరిచాను. "పదికి పదమ్మా! వీలుంటే పదకొండు వేసుకోండి!"