సిస్టర్‌కి చేస్తే సేవ కాదు

ఈ సెమిస్టర్ పూర్తయ్యేలోగా అల్ఫారెట్టా చుట్టుపక్కల బాధపడే మనిషి ఒక్కరూ మిగలకూడదని ఇషా తీర్మానం పెట్టింది. తీర్మానం చప్పట్లతో నెగ్గింది.

ఇషా 'సేవా సిగ్మా సై' స్థానిక చాప్టర్‌కి ప్రెసిడెంట్. అది అమెరికా కాలేజీల్లో చదివే తెలుగమ్మాయిల జాతీయ సొరోరిటీ. అందులో చేరే ప్రతి అమ్మాయీ కొవ్వొత్తి పట్టుకుని, మిగతావాళ్లంతా తనకు సొంత అక్కచెల్లెళ్లని ప్రమాణం చేస్తుంది. తర్వాత టీషర్ట్ ఇస్తారు. 'ముందు సేవ, తర్వాతే మేము' అని దాని మీద ఉంటుంది. ఫొటో ఎటునుంచి తీసినా కనబడాలని రెండువైపులా వేయించారు.

నమ్రత ఆ చాప్టర్‌కి సర్వీస్ చెయిర్. బాధపడేవాళ్లను వెతికిపెట్టడం ఆమె డ్యూటీ. కలిగినవాళ్ల ఊళ్లో అది అంత సులువైన పని కాదు. పార్కు శుభ్రం చేద్దామని అందరినీ తీసుకెళ్తే అక్కడ చెత్తే లేదు. సిటీవాళ్లు పొద్దున్నే ఎత్తేశారు. ఇంకొకరైతే తిరిగి వచ్చేసేవారు. ఇషా అలాంటిది కాదు. తెచ్చుకున్న డోనట్లు అందరిచేతా తినిపించి, ఖాళీ డబ్బాలు గడ్డిలో చల్లించి, వాటినే ఏరించింది. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

ఆ పార్కులోనే బ్యానర్ కడుతూ దియ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది.

దియ కూడా చాప్టర్ సభ్యురాలే, పైగా నమ్రతకి రూమ్మేట్. కాలేజీలో చేరిన నాటినుంచీ ఇద్దరిదీ ఒకే గది. హెర్న్‌డన్ నుంచి దియ వాళ్లమ్మ వచ్చి, సెలవు ఉన్నన్నాళ్లు ఉండి వెళ్లిపోయింది. ఆ తర్వాత క్లాసుకి వెళ్లాలన్నా, థెరపీకి వెళ్లాలన్నా ఎవరో ఒకరు కారెక్కించాలి. థెరపీ మానేస్తే కుంటు మిగిలిపోతుందని డాక్టర్ చెప్పాడు. నమ్రత కుదిరినప్పుడల్లా తీసుకెళ్లేది. కానీ బాధపడేవాళ్లను వెతికే పనిలో ఆమెకు తరచూ కుదిరేది కాదు.

చివరికి మీటింగ్‌లో అడిగేసింది. "దియకి రైడ్స్ కావాలి. మనం షిఫ్ట్స్ వేసుకుందామా?"

"ఆఫ్‌కోర్స్! కానీ సర్వీస్ అవర్స్ రావు కదా," అంది ఇషా. ప్రతి సభ్యురాలూ సెమిస్టర్‌కి ఇన్ని గంటల సేవ అని లెక్క చూపించాలి.

"ఎందుకు రావు?"

"బైలాస్‌లో కమ్యూనిటీ సర్వీస్ అని ఉంది. దియ కమ్యూనిటీ కాదు, సిస్టర్. సిస్టర్‌కి చేస్తే అది సర్వీస్ అవదు, లవ్ అవుతుంది. లవ్‌కి అవర్స్ ఎలా ఇస్తాం?"

గదంతా కరిగిపోయింది. ఒకమ్మాయి ఆ మాటని అప్పటికప్పుడే గులాబీ రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద రాసి పోస్ట్ చేసింది.

"సరే, అయితే లవ్ చేయడానికి ఎవరు వస్తారు?" అని అడిగింది నమ్రత.

అందరికీ మిడ్‌టర్మ్స్ ఉన్నాయి. ఆ వారమే, సేవా కార్యక్రమాలకు హాజరు కావడం లేదని దియకి వార్నింగ్ ఈమెయిల్ వెళ్లింది.

ఇంతలో పెద్ద కబురు వచ్చింది. నేషనల్ ప్రెసిడెంట్ శ్రీవిద్య ఆంటీ ఉత్తమ చాప్టర్‌ని ఎంపిక చేయడానికి స్వయంగా వస్తున్నారు. ఆవిడకి చూపించడానికి నిజంగా బాధపడే మనిషి కావాలి. నమ్రత వృద్ధాశ్రమానికి ఫోన్ చేసింది. ఈ నెలలో ఇప్పటికే చాలా సంఘాలు వచ్చి పాటలు పాడి వెళ్లాయని, ముసలివాళ్లు ఇక తట్టుకోలేరని అక్కడి మేనేజర్ బతిమాలాడు.

"మనకి దియ ఉందిగా!" అంది ఇషా ఉన్నట్టుండి.

"తను సిస్టర్ అన్నావు కదా?"

"సిస్టర్ కాకపోతే?"

వార్నింగ్ ఎలాగూ వెళ్లింది కాబట్టి సభ్యత్వం రద్దు చేయడానికి ఏ ఆటంకమూ లేదు. ఓటింగ్ పెట్టారు. నమ్రత ఆలోచించింది. ఒప్పుకుంటే దియకి రైడ్స్ వస్తాయి. ఒప్పుకోకపోతే తన పదవికి ఏమవుతుందో కూడా కొంచెం ఆలోచించింది. అందరికంటే ముందు ఆమె చెయ్యే లేచింది.

గదికెళ్లి తనే చెప్పింది.

"నన్ను తీసేశారా?" అంది దియ.

"టెక్నికల్‌గానే. ఇప్పుడు నువ్వు కమ్యూనిటీ. రేపట్నుంచి ఎన్ని రైడ్స్ కావాలంటే అన్ని."

దియ కట్టు వైపు చూసుకుంది. "టీషర్ట్ ఇచ్చేయాలా?" అని అడిగింది.

"తొందరేం లేదు. ఉతికాక ఇవ్వు," అంది నమ్రత. ఆ మాట అన్నాక రూమ్మేట్ ముఖంలోకి చూడలేకపోయింది.

మర్నాడు అపార్ట్‌మెంట్ ముందు కార్లు బారులు తీరాయి. దియ కర్రల సాయంతో బాగానే నడుస్తోంది. అయినా ఫొటోల్లో బాగుంటుందని చక్రాల కుర్చీ తెచ్చారు. "కొంచెం సాడ్‌గా చూడవా? ఆ, ఇప్పుడు హోప్‌ఫుల్‌గా!" అని ఇషా నేర్పింది. అందరికీ అవర్స్ రావాలి గనక ఆమెను ప్రతి కారులోనూ ఎక్కించి దింపారు. అది పూర్తయ్యేసరికి థెరపీ టైమ్ దాటిపోయింది.

అవార్డు సభలో ఆ ఫొటోలు తెర మీద చూసి శ్రీవిద్య ఆంటీ కళ్లు ఒత్తుకున్నారు. ఉత్తమ చాప్టర్ షీల్డ్ ఇషా చేతికిచ్చి మైక్ అందుకున్నారు.

"ఇన్నేళ్లూ మనం కమ్యూనిటీని ఎక్కడెక్కడో వెతికామమ్మా. ఈ అమ్మాయిలు ఇంట్లోనే తయారుచేసుకున్నారు! ఇకమీదట దేశంలో ప్రతి చాప్టర్, ప్రతి సెమిస్టర్, ఒక సిస్టర్‌ని కమ్యూనిటీకి డొనేట్ చేయాలి."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ హోరులోనే ఇషా వెనక్కి తిరిగి తన అక్కచెల్లెళ్లందరినీ ఒక్కొక్కరినే ఆప్యాయంగా పరికించింది.

"నెక్స్ట్ సెమ్‌కి ఇప్పుడే ప్లాన్ చేసుకుంటే బెటర్. ఎవరికైనా ఏమైనా ప్రాబ్లమ్స్ ఉన్నాయా?"

అమ్మాయిలంతా నిటారుగా నిలబడి నవ్వారు. నమ్రతకు గొంతులోంచి దగ్గు తన్నుకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా దాన్ని అలాగే మింగేసి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.