జబ్బుకో ఫొటో

"ఇకమీదట మా ప్రభుత్వంలో ఏ పిల్లీ తన జబ్బుకు సరిపడని తిండి తినదు. ఇది నా మాట," అని పశువైద్య శాఖ మంత్రిగారు బుధవారం ఉదయం పదకొండు గంటలకు మా ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆ సమయంలో మైకు తీగ పట్టుకున్నది నేనే. ఆ ఆసుపత్రిలో నేను కాంపౌండరుని. పద్దెనిమిదేళ్లుగా పిల్లుల్ని తూకం వేస్తున్నాను గానీ, వాటి గురించి ఇంత గంభీరంగా ఎవరైనా మాట్లాడగా వినడం అదే మొదలు.

ఇంత గొప్ప పథకం ఎలా పుట్టిందో పాఠకులకు చెప్పడం నా ధర్మం. అంతకు నాలుగు రోజుల ముందు మంత్రిగారి అత్తగారు తన పిల్లిని మా దగ్గరికి తెచ్చారు. పన్నెండేళ్ల తెల్ల పిల్లి. నీళ్లు తెగ తాగుతోంది, చిక్కిపోతోంది. వెంట మంత్రిగారు కూడా వచ్చారు. అత్తగారు రమ్మంటే ఆయన శాసనసభ సమావేశం మధ్యలోంచైనా లేచి వస్తారు. ఆయన క్రమశిక్షణ అలాంటిది.

మా డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "కిడ్నీలు దెబ్బతిన్నాయండీ. మామూలు తిండి మానిపించి కిడ్నీ డైట్ పెట్టాలి. అందులో మాంసకృత్తులూ భాస్వరమూ తక్కువగా ఉంటాయి," అన్నారు.

"అంటే తిండే మందన్నమాట!" అన్నారు మంత్రిగారు.

"ఒక రకంగా అంతే. కానీ ఏ జబ్బు తిండి ఆ జబ్బుకే పెట్టాలి. పైగా ఒక్కసారిగా మార్చకూడదు, పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ పది రోజులు..."

మంత్రిగారు అప్పటికే తన పీఏ వైపు తిరిగి, "రాసుకో. తిండే మందు," అన్నారు. ఒక మహాకార్యానికి మొదటి సగం వాక్యం చాలునని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ విధంగా మార్జాల ఆరోగ్య ఆహార పథకం మొదలైంది. ఏ తిండి కావాలో డాక్టరమ్మ కూర్చుని నాలుగు రకాలకు నాలుగు పేజీలు రాసిచ్చారు. కిడ్నీ జబ్బుకొకటి, షుగరుకొకటి, మూత్రంలో రాళ్లకొకటి, ఒళ్లు తగ్గడానికొకటి. మూడు వారాల్లో సరుకు దిగింది. మంచి సరుకు. నేను వాసన చూశాను. డాక్టరమ్మ గుళికను చేత్తో నలిపి చూసి తలాడించారు. చిక్కల్లా ఒక్కటే. ప్రతి ప్యాకెట్ మీదా మంత్రిగారి ఫొటో స్టిక్కరు అంటించి ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆయన నవ్వే. ఏది ఏ జబ్బుకో రాసిన అక్షరాలన్నీ ఆ నవ్వు కింద ఉన్నాయి.

"ఏది కిడ్నీది? ఏది రాళ్లది?" అని డాక్టరమ్మ పీఏని నిలదీశారు.

"అన్నీ సార్‌వేనండీ."

"అలా కాదండీ బాబూ. ఒకదానికి బదులు ఇంకోటి పెడితే పిల్లి ప్రాణం మీదికొస్తుంది. ఫొటో కాస్త చిన్నది చెయ్యండి."

పీఏ మొహం పాలిపోయింది. "సార్‌ని చిన్నది చెయ్యడమా? మేడమ్, మీకు సర్వీసు ఇంకా చాలా ఉంది కదా."

అప్పుడు మంత్రిగారే ఒక పరిష్కారం కనిపెట్టారు. ఫొటో తగ్గించనక్కర్లేదు, జబ్బుకో ఫొటో వేస్తే సరి. మర్నాడే మా ఎక్స్‌రే గదిలో ఫొటోలు తీశారు. కిడ్నీకి రెండు చేతులూ జోడించి నమస్కారం. షుగరుకి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచన. రాళ్లకి చెయ్యి ఊపడం. ఒళ్లు తగ్గడానికి వేలు చూపించి హెచ్చరిక. ఫొటోగ్రాఫరు పనిమంతుడు. "సార్, ఇంకాస్త షుగరులా చూడండి... ఆఁ, అదీ!" అంటూ గంటలో ముగించాడు. సరఫరాదారు తన చిట్టాతో సరిచూసుకుని స్టిక్కర్లు మార్చి పంపాడు.

నిజం చెప్పొద్దూ, ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. డాక్టరమ్మ చీటీ మీద 'నమస్కారం, రోజుకు రెండు పూటలు' అని రాసేవారు. నేను అలమారాలోంచి నమస్కారం తీసి ఇచ్చేవాణ్ణి. చదువు రానివాళ్లకు కూడా తిప్పలు లేవు.

మా ఆసుపత్రి ఎదురుగా రవికలు కుట్టే టైలరమ్మ దుకాణం ఉంది. ఆవిడ పిల్లి పేరు బాబిన్. బూడిద రంగుది, పగలంతా మిషను పక్కన గుడ్డముక్కల బుట్టలో పడుకునేది. దానికీ కిడ్నీ జబ్బే. ఆవిడకు ఇంట్లో ఇంకెవరూ లేరు. దాన్ని మొదటిసారి తెచ్చినప్పుడు రెండు కిలోల ఆరు వందల గ్రాములు తూగింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"ఇది బతుకుద్దా అన్నయ్యా?" అని నన్నడిగింది.

"నమస్కారం పెడుతున్నాం కదమ్మా, బతుకుతుంది," అన్నాను.

డాక్టరమ్మ చెప్పినట్టే ఆవిడ మొదట పాత తిండిలో పావు వంతు కలిపింది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. గుళికలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి వేలితో నాకించింది. పదకొండో రోజుకి బాబిన్ గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలని మిషను తొక్కుడుపలక మీదెక్కి కూర్చుంది. టైలరమ్మ పరుగున వచ్చి నాకు చెప్పింది. చెబుతున్నంతసేపూ కుట్టు టేపు మెడలోనే ఉంది.

మా ఆసుపత్రి వరండా బెంచీ మీదే టైలరమ్మకీ మంత్రిగారి అత్తగారికీ స్నేహం కుదిరింది. ఇద్దరి పిల్లులదీ ఒకటే జబ్బు కాబట్టి కబుర్లకు కొదవ లేదు. "మీదెన్నిసార్లు నీళ్లు తాగుతోందే అమ్మాయ్?" అని ఈవిడ, "నిన్నటి మీద తగ్గింది పెద్దమ్మగారూ," అని ఆవిడ.

పథకం విజయవంతమైంది గనక పార్టీ కార్యకర్తలు కూడా ప్రజల్లోకి వెళ్లారు. ఒక్కొక్కరూ ఇరవై ముప్పై పిల్లుల్ని పట్టుకొచ్చారు. అన్నీ దుక్కల్లా ఉన్నాయి.

"దీనికేం జబ్బండీ?" అన్నారు డాక్టరమ్మ.

"ఏది ఖాళీ ఉంటే అది రాయండి మేడమ్," అన్నాడు వార్డు అధ్యక్షుడు. ఆయనకు ఏ జబ్బు మీదా పక్షపాతం లేదు.

డాక్టరమ్మ రాయనన్నారు. అయితే పీఏ రాశారు. రెండు వారాల్లో అలమారా ఖాళీ అయింది. వెంటనే రెండో విడత సరుకు మూడే మూడు రోజుల్లో దిగింది. మొదటి విడతకు మూడు వారాలు పట్టింది, రెండోదానికి మూడు రోజులు. ప్రభుత్వం ఎంత వేగం పుంజుకుందో చూడండి.

"గుళికలు లావుగా ఉన్నాయేంటి?" అన్నారు డాక్టరమ్మ.

"లబ్ధిదారులకు ఈసారి ఎక్కువ ఇవ్వాలని సార్ ఉద్దేశం," అన్నారు పీఏ. డాక్టరమ్మ ఒక ప్యాకెట్ పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా పంచవద్దన్నారు. కానీ పంపిణీ తేదీ పేపర్లో వచ్చేసింది కనుక పీఏ పంచేశారు.

బాబిన్ గిన్నె దగ్గరికెళ్లి వాసన చూసింది. ముందుకాలితో నేల గీకి, మట్టి లేకపోయినా మట్టి కప్పినట్టు చేసి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు టైలరమ్మ దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వచ్చింది. ఆ రోజు ఆవిడ మిషను తియ్యలేదు.

"రెండ్రోజులుగా మెతుకు ముట్టలేదు డాక్టరమ్మా. నమస్కారమే పెట్టాను, ఒట్టు."

డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. "పిల్లి ఇన్ని రోజులు తినకపోతే లివరు కూడా పాడవుతుందమ్మా. ముందు ఏదో ఒకటి కడుపులో పడాలి," అంటూ సెలైను సీసా అందుకున్నారు.

అప్పుడే అత్తగారు తన పిల్లితో వచ్చారు. అది నున్నగా, హాయిగా ఉంది. మంత్రిగారింట్లో మొదటి విడత సరుకు ఒక గది నిండా ఉందట. జాగ్రత్త కోసం. విషయం వినగానే అత్తగారు సంచీలోంచి ఒక నమస్కారం తీసి చింపి, నాలుగు గుళికలు నానబెట్టి బాబిన్ ముందు పెట్టారు. అది వాసన చూసింది. ఒకటి తింది. ఆగింది. మిగతా మూడూ తింది.

టైలరమ్మ బెంచీ మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. అత్తగారు ఆవిడ వీపు నిమురుతూ, "ఏడవకే. మా ఇంట్లో గదినిండా ఉంది. రోజూ నేనే తెచ్చిస్తాను. అల్లుడుగారు ఏమంటారో నేను చూసుకుంటాగా," అన్నారు. తర్వాత పాత నమస్కారాన్నీ కొత్త నమస్కారాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఫొటో ఒకటే. "మరి లోపల తేడా ఏంటి?" అంటూ కొత్తదాని మూల గోటితో గీకడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ సమయానికే మంత్రిగారు విలేకరులతో సహా ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఆకస్మిక తనిఖీ అని వారం క్రితమే మాకు ఉత్తర్వు వచ్చింది.

మంత్రిగారు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన నమస్కారం సగం ఊడి అత్తగారి చేతిలో వేలాడుతోంది. దాని కింద ఇంకో నమస్కారం కనిపించింది. అది ఈయనది కాదు. పాత మంత్రిగారిది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మన మంత్రిగారు ఆయన్నే వేలెత్తి చూపించి, "మీ పథకం తిండి తిన్న కుక్క ఒక్కటుంటే చూపించండి!" అని సభను దద్దరిల్లించారు. అత్తగారు దాన్నీ ఊడదీశారు. దాని కింద అచ్చు అక్షరాలున్నాయి. డాక్టరమ్మ పైకి చదివారు: "ఎదిగే కుక్కపిల్లలకు మాత్రమే. మాంసకృత్తులు అత్యధికం."

కెమెరాలు తిరుగుతున్నాయి.

"అల్లుడుగారూ," అన్నారు అత్తగారు, "ఇదేంటి?"

మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నా ఫొటో ఎవరు ఊడబీకారు?" అన్నారు.

"నేనే."

మంత్రిగారు ఒక్క క్షణం తడబడ్డారు. వెంటనే తేరుకుని, విలేకరుల వైపు తిరిగి, "ప్రజల్లో ఎవరైనా సరే, ఒక పెద్దావిడ కూడా, గోటితో ఊడదీయగలిగిందంటే ఇది చిన్న లోపం కాదు. బాధ్యుల్ని వదలను," అని విచారణకు ఆదేశించారు.

విచారణాధికారిగా పీఏని నియమించారు. విషయం మొదటి నుంచీ తెలిసినవాడు ఆయనే కాబట్టి అంతకంటే తగినవాడు దొరకడు. తొమ్మిది రోజుల్లో నలభై పేజీల నివేదిక వచ్చింది. జిగురు నాసిరకమని తేలింది. జిగురు సరఫరా చేసినవాణ్ణి బ్లాక్ లిస్టులో పెట్టారు.

ఈలోగా అత్తగారు మాట నిలబెట్టుకున్నారు. రోజూ ఉదయం సంచీతో వచ్చి టైలరమ్మ మిషను పక్క స్టూలు మీద కూర్చుంటున్నారు. ఇంకా నలుగురైదుగురు నిజం రోగుల్ని డాక్టరమ్మ ఆ స్టూలు దగ్గరికే పంపుతున్నారు. నిన్న బాబిన్‌ని తూచాను. మూడు కిలోల వంద. ఆ అంకెను పీఏ వెంటనే పత్రికలకు పంపారు, పథకం సాధించిన ఫలితమని.

మూడో విడత సరుకు ఈ ఉదయం వచ్చింది. కొత్త జిగురుతో. మంత్రిగారు స్వయంగా వచ్చి అందరి ముందూ పరీక్ష పెట్టించారు. అత్తగారు గోటితో గీకారు, ఊడలేదు. టైలరమ్మ కత్తెర మొనతో లేపబోయింది, లేవలేదు. డాక్టరమ్మ మరిగే నీళ్ల ఆవిరి పట్టారు. నమస్కారం చెక్కు చెదరలేదు.

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "ఒక ఫొటో తీసుకోండి," అని విలేకరులతో అంటూ, కిలో ప్యాకెట్లు ఎనభై ఉన్న అట్టపెట్టెను ఒక్క చేత్తో తల మీదికంటా ఎత్తి, రెండో చేత్తో అందరికీ ఊపుతూ ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డారు. ఆ వయసులో ఆయన బలం చూసి మేమంతా చప్పట్లు కొట్టాం.